బరువెక్కిన పుటలు – తేలిక సాధనములు

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. పుస్తకము చదువరి కొరకు ఎదురు చూచుట కాక, చదువరి ఉన్న చోటికి పుస్తకమే పోవలెనన్న భావము ఆ ఉద్యమమునకు ప్రాణము. ఆ భావముతోనే 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవ గ్రంథాలయమును నడిపినారు. బండి బాట సరిగా లేని గ్రామమునకు సైతము కాలువ ఉన్నది. కాలువలో పడవ పోగలదు. పడవలో పుస్తకముల పెట్టె ఇమడగలదు. మార్గమునకు తగిన వాహనమును, వాహనమునకు తగిన బరువును ఎంచుకొనుటయే అందలి తెలివి.

నేడు పుస్తకము కాలువ మీద కాక తీగల మీదను, గాలిలోని తరంగముల మీదను వస్తున్నది. పాఠ్య ప్రణాళిక, ప్రశ్నాపత్రము, ఉపకార వేతనపు సూచనలు, పాత పత్రికల సంచికలు, దుర్లభ గ్రంథములు అన్నియు పి.డి.ఎఫ్. అను రూపములో బ్రౌజరులోనికి వచ్చి నిలుస్తున్నవి. వచ్చుట వరకు బాగానే ఉన్నది. చిక్కు తెరచుటలో ఉన్నది. అవనిగడ్డ నుండియో, కైకలూరు నుండియో వచ్చిన విద్యార్థి నాలుగు గిగాబైట్ల మెమరీ గల పాత కంప్యూటరు ముందు కూర్చుండును. మూడు వందల పుటల పుస్తకమును నొక్కును. తెల్లని తెర మీద చక్రము తిరుగుచుండును. రెండవ పుటకు జరిపిన మొదటి పుట మాయమగును. పదవ పుటకు పోయిన కంప్యూటరే కదలక ఆగిపోవును. "మన యంత్రము పాతది, ఈ పుస్తకము మనకు అందదు" అని అతడు లేచిపోవును.

ఆ నిర్ణయము చాలా సందర్భములలో సరియైనది కాదని చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. లోపము యంత్రపు పాతదనములో కంటె, పత్రమును తయారు చేసిన తీరులోను, దానిని చూచుటకు ఎంచుకొన్న సాధనములోను ఎక్కువగా ఉన్నది. ఆ రెండింటికిని ఖర్చు లేని ఉపాయములు కలవు.

పి.డి.ఎఫ్. స్వరూపము

పి.డి.ఎఫ్. అను రూపమును అడోబి సంస్థ 1993లో లోకమునకు అందించినది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపబడినది. ఏ యంత్రము మీద తెరచినను, ఏ ముద్రణ యంత్రము మీద అచ్చువేసినను పుట ఒకే తీరుగా కనబడవలెనన్నది దాని లక్ష్యము. అందుచేత పి.డి.ఎఫ్. ఫైలు ఒక పుస్తకము వంటిది కాదు. అచ్చు కూర్పరికి ఇచ్చిన ఆజ్ఞల పట్టిక వంటిది. "ఈ అక్షరమును ఈ స్థానములో ఉంచుము, ఈ గీతను ఇంత పొడవున గీయుము, ఈ చిత్రమును ఇక్కడ అతికింపుము" అని అందులో వ్రాసి ఉండును. చూపు సాధనము ఆ ఆజ్ఞలను ఒక్కొక్కటిగా అమలు పరచి పుటను మన కళ్ళ ఎదుట గీయును.

ఇందులో ఒక విశేషము కలదు. ఏ వస్తువు ఫైలులో ఎక్కడ ఉన్నదో తెలుపు సూచిక సాధారణముగా ఫైలు చివర ఉండును. కనుక మొదటి పుట చూపుటకైనను సాధనము ముందు చివరి భాగమును చూడవలెను. ఫైలు మన కంప్యూటరులోనే ఉన్నచో ఇది క్షణములో జరిగిపోవును. దూరమున గల సర్వరులో ఉన్నచో, ఆ సర్వరు ముక్కముక్కలుగా పంపుటకు అంగీకరించినప్పుడే అది సాధ్యము. లేనిచో ఫైలు మొత్తము దిగువరకు ఎదురు చూడవలసినదే. ఈ ఇబ్బందిని తొలగించుటకు మొదటి పుటకు కావలసిన సామగ్రిని ఫైలు ఆరంభముననే అమర్చు పద్ధతి ఒకటి కలదు. దానిని లీనియరైజేషను అందురు. మన డెల్టా రైతులకు ఈ విషయము సులభముగా బోధపడును. బ్యారేజి నిండా నీరున్నంత మాత్రమున శివారు పొలము తడవదు. నీరు ఏ వరుసలో, ఏ వంతున వదలబడుచున్నదన్నదే ముఖ్యము.

బరువు లెక్క

పి.డి.ఎఫ్.లు రెండు జాతులు. కంప్యూటరు మీద అక్షరములు కూర్చి నేరుగా తయారు చేసినది ఒకటి. అచ్చు పుటను స్కాను చేసి, ఆ ఛాయాచిత్రములను వరుసగా కుట్టినది రెండవది. తెలుగు, ఉర్దూ పాత పుస్తకములలో అత్యధిక భాగము రెండవ జాతికి చెందినవే. మనలను బాధించునవి కూడ అవియే.

ఒక లెక్క వేసి చూతము. ఏ4 కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాను చేసినచో అడ్డముగా 2480, నిలువుగా 3508 చుక్కలు వచ్చును. మొత్తము సుమారు 87 లక్షల చుక్కలు. రంగులలో తీసినచో ఒక్కొక్క చుక్కకు 3 బైట్లు కావలెను. అనగా ఒక్క పుట విప్పినంతనే 2 కోట్ల 61 లక్షల బైట్లు. అదే పుటను నలుపు తెలుపులలో మాత్రమే తీసినచో ఒక్క బైటులో ఎనిమిది చుక్కలు ఇమడును గనుక సుమారు 11 లక్షల బైట్లు చాలును. నల్లని అక్షరములు తప్ప మరేమియు లేని పుటను రంగులలో స్కాను చేయుట వలన బరువు ఇరువది నాలుగు రెట్లు పెరిగినది. కాగితము మీది పసుపు మరకను, చెదపురుగు తిన్న రంధ్రమును నిక్షేపముగా భద్రపరచినాము. చదువవలసిన అక్షరము మాత్రము ఒక్కటియు పెరుగలేదు. అంగుళమునకు 600 చుక్కలు తీసినచో ఈ అంకెలన్నియు మరల నాలుగు రెట్లగును.

ఫైలును భద్రపరచునప్పుడు ఈ బరువు కుదింపబడుననుట నిజమే. పది మెగాబైట్ల ఫైలులో వంద పుటలు ఉండవచ్చును. కాని తెర మీద చూపవలసి వచ్చినప్పుడు ఆ మూటను విప్పక తప్పదు. తెర మీద గీయుటకు బ్రౌజరు ఒక్కొక్క చుక్కకు సాధారణముగా 4 బైట్లు కేటాయించును. ఆ లెక్కన పైన చెప్పిన పుట పూర్తి పరిమాణములో దాదాపు 3 కోట్ల 48 లక్షల బైట్లు ఆక్రమించును. "ఫైలు చిన్నదే కదా, ఎందుకింత ఆలస్యము?" అని విద్యార్థి అడుగు ప్రశ్నకు ఇదే సమాధానము. ఫైలు పరిమాణము మూట బరువును తెలుపును గాని, విప్పిన సరుకు బరువును తెలుపదు. పైగా ఎంత గట్టిగా కట్టిన మూట అయిన విప్పుటకు అంత శ్రమ. జె.పి.ఇ.జి. 2000 అను పద్ధతిలో కుదించిన చిత్రములు చోటు తక్కువ తీసుకొనును. కాని విప్పుటకు ప్రాసెసరు అధికముగా పని చేయవలెను. ఇంటర్నెట్ ఆర్కైవులోని పుస్తకములు అనేకము ఈ పద్ధతిలో తయారైనవే.

ఇప్పుడు పోలికకు మరొక లెక్క. తెలుగు అక్షర సంకేతము ఒక్కొక్కటి యూనికోడులో, యు.టి.ఎఫ్. 8 పద్ధతిన, 3 బైట్లు తీసుకొనును. ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు చాలును. పుటకు 1500 సంకేతములు గల 300 పుటల తెలుగు పుస్తకమును చిత్రముగా కాక అక్షరముగా భద్రపరచినచో మొత్తము 13 లక్షల 50 వేల బైట్లు. ఒకే ఒక్క రంగుల పుట విప్పిన చోట ఇటువంటి పుస్తకములు పందొమ్మిది ఇమడును.

బ్రౌజరునకు ఎందుకంత శ్రమ

బ్రౌజరు పుట్టినది వెబ్ పుటలను చూపుటకు. పి.డి.ఎఫ్.ను చూపుట దానికి తరువాత అంటగట్టిన పని. మొదట్లో ఇందుకొరకు ప్రత్యేక సాధనమును బ్రౌజరునకు తగిలించెడివారు. వాటిలోని రంధ్రముల గుండా దొంగ ప్రోగ్రాములు చొరబడుచుండుటచే, బ్రౌజరు తయారీదారులు చూపు సాధనమును తామే లోపల అమర్చినారు. క్రోములో ఇది 2010లో వచ్చినది. దాని మూల సంకేతమును ఫాక్సిట్ సంస్థ సహకారముతో 2014లో పి.డి.ఎఫ్.యం అను పేరున బహిరంగ పరచినారు. ఫైర్‌ఫాక్సు వారు 2011లో పి.డి.ఎఫ్. డాట్ జె.ఎస్. అను సాధనమును ఆరంభించి, 2013 ఫిబ్రవరిలో విడుదలైన 19వ కూర్పులో దానిని అందరికిని అందించినారు. ఇది జావాస్క్రిప్టు భాషలో, వెబ్ పుట వలెనే నడుచునట్టిది.

ఈ ఏర్పాటు వలన భద్రత పెరిగినది. కొత్త సాధనము వేరుగా వేసుకొను అవసరము తప్పినది. రెండు మూడు పుటల రసీదునకు, హాల్ టికెట్టునకు ఇది చక్కగా సరిపోవును. కాని పెద్ద పుస్తకము విషయములో దీని భారము బయటపడును. బ్రౌజరు తెరచినంతనే కొంత మెమరీ దానికే పోవును. ఇతర టాబులు కొంత, తగిలించుకొన్న ఎక్స్‌టెన్షనులు కొంత తీసుకొనును. మిగిలిన దానిలో పుట చిత్రము గీయవలెను. అక్షరములను ఎన్నుకొనుటకు వీలుగా ఆ చిత్రము మీద కనబడని అక్షరపు పొర ఒకటి పరచవలెను. పక్కన చిన్న బొమ్మల వరుస చూపవలెను. మెమరీ చాలనప్పుడు కంప్యూటరు కొంత సామగ్రిని హార్డ్ డిస్కు మీదికి నెట్టి, మరల తెచ్చుకొనుచుండును. పాత డిస్కు మీద ఈ రాకపోకలే యంత్రము "బిగుసుకొనిపోవుట"గా మనకు కనబడును.

కారణమును గుర్తించు విధము

వైద్యుడు మందు వ్రాయక ముందు నాడి చూచును. ఇక్కడను అంతే. ఆలస్యమునకు కారణము దారిలో ఉన్నదా, బ్రౌజరులో ఉన్నదా, ఫైలులోనే ఉన్నదా అన్నది ముందుగా తేల్చుకొనవలెను. అందుకు మూడు పరీక్షలు చాలును.

మొదటిది: ఫైలును బ్రౌజరులో చూచుట మాని, పూర్తిగా డౌన్‌లోడు చేసుకొని, డిస్కు నుండి అదే బ్రౌజరులో తెరువవలెను. ఇప్పుడు వేగముగా తెరుచుకొన్నచో లోపము నెట్ కనెక్షనులోనో, సర్వరులోనో ఉన్నది. ఒకసారి దించుకొని చదువుటయే దీనికి మందు. ప్రతి పర్యాయము ఆన్‌లైనులో తెరచుట వలన డేటా కూడ వృథా.

రెండవది: డిస్కు నుండి తెరచినను నెమ్మదిగానే ఉన్నచో, ప్రైవేటు విండోలో తెరచి చూడవలెను. అందులో ఎక్స్‌టెన్షనులు సాధారణముగా పని చేయవు. వేగము పెరిగినచో దోషము ఎక్స్‌టెన్షనులలో ఉన్నది. అక్కరలేని వాటిని తీసివేయవలెను. క్రోములో షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కినచో ఏ టాబు ఎంత మెమరీ తినుచున్నదో పట్టికగా కనబడును.

మూడవది: అదే ఫైలును కింద చెప్పబోవు తేలిక సాధనములలో ఒకదానితో తెరువవలెను. వేగముగా తెరుచుకొన్నచో బరువు బ్రౌజరుది. అక్కడను నెమ్మదిగానే ఉన్నచో బరువు ఫైలుది. అప్పుడు ఫైలునే తేలిక చేసుకొనవలెను.

తేలిక సాధనములు

విండోసు గల యంత్రములకు సుమత్రా పి.డి.ఎఫ్. అను సాధనమును మేము మొదట సిఫారసు చేయుదుము. క్రిస్టోఫ్ కొవాల్చిక్ అను ప్రోగ్రామరు 2006లో దీనిని విడుదల చేసినాడు. ఇది ఉచితము, మూల సంకేతము బహిరంగము. ఇందులో పుటను గీయు యంత్రాంగము మ్యూపి.డి.ఎఫ్. అనునది. చూపుట తప్ప ఇతర ఆర్భాటములు తక్కువ గనుక పాత యంత్రము మీద కూడ చప్పున తెరుచుకొనును. పి.డి.ఎఫ్.తో పాటు ఈపబ్, డెజావూ మొదలగు రూపములను కూడ ఇది చూపగలదు. చదువుచున్న పుటను గుర్తుంచుకొని, మరునాడు అక్కడి నుండియే తెరచును. దీనిలో పోర్టబుల్ అను కూర్పు ఒకటి కలదు. దానిని పెన్‌డ్రైవులో వేసుకొనిపోయి, ఏమియు ఇన్‌స్టాలు చేయకయే వాడుకొనవచ్చును. సొంత కంప్యూటరు లేక, ప్రయోగశాలలోనో, గ్రంథాలయములోనో పని చూచుకొను విద్యార్థికి ఇది ఎంతయు ఉపకరించును.

లినక్సు వాడువారికి ఎవిన్స్, ఆక్యులర్ అనునవి సుపరిచితములు. మరింత తేలికయైనది కావలెనన్నచో మ్యూపి.డి.ఎఫ్.ను గాని, జతూరాను గాని వేసుకొనవచ్చును. చివరి రెండింటిలో బొత్తాములు దాదాపు ఉండవు. పని అంతయు మీటలతో జరుగును. అలవాటునకు ఒకటి రెండు రోజులు పట్టును. ఆండ్రాయిడు ఫోనులలో మ్యూపి.డి.ఎఫ్. వ్యూయరు ప్రకటనల బెడద లేక పనిచేయును.

సాధనము వేసుకొన్నంతనే పని ముగియలేదు. బ్రౌజరు తన అలవాటు చొప్పున పి.డి.ఎఫ్.ను తనలోనే తెరచుచుండును. దానిని మాన్పించవలెను. క్రోములో సెట్టింగ్సు తెరచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్సు, అడిషనల్ కంటెంట్ సెట్టింగ్సు అను వరుసలో పోయినచో పి.డి.ఎఫ్. డాక్యుమెంట్సు అను శీర్షిక కనబడును. అక్కడ డౌన్‌లోడు చేయుమను ఎంపికను గుర్తింపవలెను. ఫైర్‌ఫాక్సులో సెట్టింగ్సులోని జనరల్ భాగమున అప్లికేషన్సు అను పట్టిక ఉండును, అందు పి.డి.ఎఫ్.కు ఎదురుగా మనకు కావలసిన సాధనమును ఎన్నుకొనవచ్చును.

ఇంటర్నెట్ ఆర్కైవు వంటి చోట్ల మరొక దారి కూడ ఉన్నది. అక్కడ పుస్తకమును పి.డి.ఎఫ్.గా దించుకొనకయే పుటలు తిరగవేసి చదువు ఏర్పాటు కలదు. కావలసిన పుట మాత్రమే, తెరకు తగిన పరిమాణములో వచ్చును. నాలుగు పుటలు చూచుటకు నాలుగు వందల పుటలు మోసుకొని రానక్కరలేదు.

పుస్తకములో ఒక్క అధ్యాయమే కావలసినప్పుడు దానిని విడదీసి దాచుకొనుట మంచిది. పి.డి.ఎఫ్. శామ్ బేసిక్ అను ఉచిత సాధనము ఈ పని చేయును. ప్రింటు ఆజ్ఞ ఇచ్చి, పుటల సంఖ్య తెలిపి, కాగితము మీదికి బదులు పి.డి.ఎఫ్.గా భద్రపరచుమన్నను ఇంచుమించు ఇదే ఫలితము దక్కును. ఇరువది పుటల ఫైలును పాత ఫోను కూడ సులభముగా మోయగలదు.

ఎక్కడ ఇవి చాలవు

ఏ పనిముట్టుకైనను హద్దులు ఉండును. నింపవలసిన దరఖాస్తు ఫారములు కొన్ని తేలిక సాధనములలో సరిగా పని చేయకపోవచ్చును. డిజిటల్ సంతకము గల ధ్రువపత్రములలో ఆ సంతకము చెల్లునదా కాదా అని సరిచూచుటకు అడోబి రీడరు వంటి పూర్తి సాధనము కావలెను. అట్టి పనులకు దానినే వాడవలెను. చదువుకు తేలిక సాధనమును వాడవలెను. రెండును ఒకే యంత్రములో ఉండుటకు అడ్డు లేదు.

మరొక హెచ్చరిక. ఫైలు బరువు తగ్గించి ఇత్తుమని చెప్పు వెబ్‌సైట్లు అనేకము ఉన్నవి. కథల పుస్తకమును పంపిన నష్టము లేదు. ఆధార్ ప్రతిని, కుల ధ్రువపత్రమును, మార్కుల జాబితాను, బ్యాంకు పుస్తకపు పుటను ముక్కు మొగము తెలియని సర్వరునకు పంపుట మాత్రము ప్రమాదకరము. ఆ పనిని సొంత యంత్రము మీదనే చేసుకొనవలెను. అందుకు ఘోస్ట్‌స్క్రిప్టు అను ఉచిత ప్రోగ్రాము కలదు. మొదటి పుట ముందుగా వచ్చునట్లు ఫైలును అమర్చుటకు క్యూ.పి.డి.ఎఫ్. అను మరొక సాధనము కలదు.

మన లిపులు, మన జాగ్రత్తలు

బరువు తగ్గింపునకు ఇంగ్లీషు పుస్తకముల కొరకు చెప్పిన కొలతలను మనము గుడ్డిగా అనుసరింపరాదు. ఘోస్ట్‌స్క్రిప్టులో తెర కొరకు ఉద్దేశించిన అమరిక చిత్రములను అంగుళమునకు 72 చుక్కలకు దించును. ఇంగ్లీషు పెద్దక్షరములు ఆ స్థితిలో ఎట్లో చదువబడవచ్చును. తెలుగులో వత్తులు, గుడులు అలుకుకొనిపోవును. ఉర్దూలో నుక్తాలు కలిసిపోవును. ఒక చుక్కయా, రెండు చుక్కలా, మూడు చుక్కలా, పైననా, కిందనా అన్న దాని మీదనే అక్షరము ఆధారపడిన లిపిలో చుక్క చెరిగిన మాటయే మారును. అందుచేత బూడిద రంగు చిత్రములకు 150 చుక్కలు, నలుపు తెలుపు చిత్రములకు 300 చుక్కలు తగ్గకుండ చూచుకొనవలెనని మా అభిప్రాయము.

కుదింపులో ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాదము కూడ ఉన్నది. జెబిగ్ 2 అను పద్ధతిలో ఒకే పోలిక గల గుర్తులను ఒకే అచ్చుగా భావించి, ఒకదాని స్థానములో మరొకదానిని ఉంచు విధానము కలదు. 2013 ఆగస్టులో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, జిరాక్సు సంస్థ యంత్రములు కొన్నింటిలో స్కాను చేసిన కట్టడపు పటములలో గదుల వైశాల్యము తెలుపు అంకెలు మారిపోవుటను బయట పెట్టినాడు. పుట మసకబారలేదు, అంకె స్పష్టముగానే ఉన్నది, కాని అది వేరొక అంకె. ఘ, మ, య వంటి దగ్గరి పోలిక గల అక్షరములున్న మన లిపిలో ఇటువంటి పొరపాటు ఎంత దూరము పోగలదో ఊహింపవచ్చును. కనుక మూల ప్రతిని ఎన్నడును చెరపరాదు. బరువైన మూలమును ఒక చోట భద్రపరచి, చదువుటకు తేలిక ప్రతిని వేరుగా చేసుకొనవలెను.

మన పుస్తకములు చిత్రములుగానే ఎందుకు మిగిలిపోయినవన్న ప్రశ్నకు కూడ చరిత్రలో సమాధానము ఉన్నది. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరములు వాలుగా, ఒకదాని మీద ఒకటి ఒరిగి నడుచును. సీసపు అచ్చులకు అది లొంగలేదు. చిరకాలము కాతిబులు చేతితో వ్రాసిన పుటలనే రాతి అచ్చు వేసినారు. 1927లో మద్రాసులో స్థాపితమైన 'ముసల్మాన్' దినపత్రిక దశాబ్దముల తరబడి చేతివ్రాతతోనే వెలువడినది. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరి నస్తాలీఖ్ వచ్చిన పిదపనే కంప్యూటరు మీద నస్తాలీఖ్ కూర్పు సాధ్యమైనది. తెలుగులో డి.టి.పి. వచ్చినను, చాలా కాలము ఇంగ్లీషు అక్షరముల సంకేతముల మీద తెలుగు బొమ్మలను అతికించిన ఫాంటులే రాజ్యమేలినవి. ఆ ఫైలు నుండి ఒక వాక్యమును ఎత్తి వేరొక చోట ఉంచినచో అర్థము లేని ఇంగ్లీషు గుర్తులు వచ్చును. చూచుటకు అక్షరమే, యంత్రమునకు మాత్రము అది తెలుగు కాదు.

స్కానింగు విషయములో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవము గుర్తుంచుకొనదగినది. చిత్తూరు జిల్లాలో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారము పొందిన రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పది లక్షల గ్రంథముల పథకములో భాగముగా ఈ కృషి జరిగినది. వేలాది తెలుగు, ఉర్దూ గ్రంథములు నశింపక దక్కినవి. ఆ మేలు సామాన్యము కాదు. కాని ఆ పుటలు టిఫ్ అను రూపములో ఉండెడివి. సాధారణ బ్రౌజర్లు దానిని చూపలేవు. ప్రత్యేక సాధనమును తగిలించవలసి వచ్చెడిది. అటువంటి తగిలింపులను క్రోము 2015లోను, ఫైర్‌ఫాక్సు 2017లోను నిలిపివేసినవి. ఆ గ్రంథములు లక్షల సంఖ్యలో పి.డి.ఎఫ్.లుగా ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరుట వలననే నేడు మనకు అందుచున్నవి. ఏదో ఒక ప్రత్యేక సాధనము మీదనే ఆధారపడిన పుస్తకము, ఆ సాధనముతో పాటే మూతపడునన్నది ఇందలి పాఠము.

తయారు చేయువారి ధర్మము

ఇంతవరకు చదువరి చేసుకొనగల ఉపాయములను చెప్పినాము. కాని వేయి మంది చదువరులు వేయి సార్లు బరువు దించుకొనుట కంటె, ఎత్తునప్పుడే ఒకరు దించుట మేలు. కళాశాలలు, పంచాయతీ కార్యాలయములు, ప్రచురణకర్తలు, పాత పుస్తకములను స్కాను చేయు సాహిత్యాభిమానులు అందరును కొద్దిపాటి నియమములను పాటించిన చాలును.

కంప్యూటరులో కూర్చిన పత్రమును అచ్చు తీసి, సంతకము చేసి, మరల రంగులలో స్కాను చేసి వెబ్‌సైటులో ఉంచు అలవాటు విరివిగా ఉన్నది. సంతకము గల పుట ఒక్కటే స్కాను చేసి, మిగిలిన పుటలను నేరుగా పి.డి.ఎఫ్.గా మార్చవచ్చును. తెలుగును, ఉర్దూను యూనికోడులోనే కూర్చవలెను. ఉచితముగా లభించు యూనికోడు తెలుగు ఫాంటులకు నేడు కొదువ లేదు; మన కృష్ణా డెల్టాకు చెందిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరున వెలసిన 'మండలి' ఫాంటు అందులో ఒకటి. నస్తాలీఖ్‌లో 'నోటో నస్తాలీఖ్ ఉర్దూ' కలదు. అక్షరములు తప్ప మరేమియు లేని పుటలను నలుపు తెలుపులలో స్కాను చేయవలెను. రంగుల బొమ్మ ఉన్న పుటకే రంగు. వంద పుటలు మించిన గ్రంథమును అధ్యాయములుగా కూడ ఉంచవలెను. ఫైలు పరిమాణమును లింకు పక్కన తెలుపవలెను. డేటా ఖర్చు భరించువాడు ముందుగా తెలుసుకొనుట న్యాయము.

అక్షరముగా ఉన్న పత్రము వలన మరొక గొప్ప ప్రయోజనము కలదు. చూపు లేని విద్యార్థులకు ఎన్.వి.డి.ఏ. వంటి ఉచిత సాధనములు తెర మీది అక్షరములను చదివి వినిపించును. తెలుగును, ఉర్దూను కూడ వినిపించగలవు. కాని పుట ఛాయాచిత్రమైనచో అవి మౌనముగా ఉండిపోవును. మనకు నెమ్మదిగా తెరుచుకొనిన పత్రము ఆ విద్యార్థికి అసలే తెరుచుకొనదు. చిత్రములోని అక్షరములను గుర్తించు యంత్రములు నేడు తెలుగునకు, ఉర్దూకు కూడ లభించుచున్నవి. కాని అవి చేయు తప్పులను మనిషి దిద్దక తప్పదు. 2005లో ఆరంభమైన తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద కార్యకర్తలు చేయుచున్న పని ఇదే. స్కాను పుట ఒక పక్క, యంత్రము గుర్తించిన పాఠము మరొక పక్క ఉంచుకొని, పుట వెంట పుట సరిచూచి దిద్దుచున్నారు. కాపీహక్కు కాలము తీరిన గ్రంథమును అక్కడ అక్షర రూపమున, ఈపబ్ రూపమున కూడ పొందవచ్చును. సెలవు దినములలో రోజునకు రెండు పుటలు దిద్దగల విద్యార్థి, వంద రోజులలో రెండు వందల పుటల పుస్తకమును తేలిక చేసి లోకమునకు అందించినవాడగును. ఇందుకు కొత్త కంప్యూటరు అక్కరలేదు. భాష వచ్చిన చాలును.

మా కళాశాల వంటి చోట, ఉర్దూ చదువు విద్యార్థియు తెలుగు చదువు విద్యార్థియు ఒకే బల్ల మీద కూర్చుండు చోట, ఈ విషయము ఏ ఒక్కరిదో కాదు. రెండు భాషల పాత సంపదయు నేడు చిత్రముల మూటలలోనే ఉన్నది. పరీక్ష దగ్గర పడిన నాడు పుస్తకము తెరుచుకొనని విద్యార్థి, ఆ భాషలో ఏమియు లేదని భ్రమించి, సులభముగా తెరుచుకొను మరొక భాషలోనికి పోవుట సహజము. భాష అట్లు కూడ చేజారును. కనుక ఈ వార్షిక సంచికను వెబ్‌సైటులో ఉంచునప్పుడు కూడ పైన చెప్పిన నియమములను పాటింపవలెనని సంపాదక వర్గమునకు మా మనవి. విద్యార్థి మిత్రులకు మేము చెప్పునది ఒక్కటే: తెర మీద చక్రము తిరుగుచున్నప్పుడు లేచి పోకుడు. ఫైలును దించుకొని, తేలిక సాధనముతో తెరచి చూడుడు. చాలా సందర్భములలో మీ పాత యంత్రమే దానిని చదివించును.